తెరచాప తువ్వాలలు

ఆ రోజు పొద్దున బుచ్చిరాములు పెట్టుకున్న పని చాలా చిన్నది. చేనేత సంఘం షెడ్డులో మగ్గాల ఎదుట కుర్చీ వేసుకొని, సాయంత్రం దాకా చప్పగా ఉండేది ఏదో ఒకటి చదవాలి. వినేవాళ్లకు ఉత్సాహం రాకూడదు, నిద్ర రాకూడదు, ఏడుపు అసలే రాకూడదు. అంతకు మించి ఆయన ఆ రోజును ఏమీ కోరలేదు. కోరికలు పెట్టుకోవడానికి కూడా కొంత ఓపిక కావాలి, ఆయన దగ్గర అది ఎప్పుడో అడుగంటింది.

బుచ్చిరాములు హుస్నాబాద్ పక్కన ఒక చిన్న పేటలో చేనేత సంఘానికి గుమాస్తా. నూలు తూచి ఇవ్వడం, నేసిన బట్ట కొలిచి తీసుకోవడం ఆయన ఉద్యోగం. చదివి వినిపించడం అందులో లేదు. ఆయనకు ముందున్న గుమాస్తా, నేతగాళ్లు మాటిమాటికీ బీడీ తాగడానికి లేచిపోతున్నారని, ఒకరోజు ఏదో కథ అందుకున్నాడట. కథ సంగతి తేలేదాకా ఎవరూ మగ్గం దిగలేదట. ఆ మహానుభావుడు పట్నంలో నౌకరీ దొరికి వెళ్లిపోయాడు. కుర్చీతో పాటు కథలు కూడా బుచ్చిరాములు నెత్తిన పడ్డాయి. గొంతు బొంగురుపోయినా, జ్వరం వచ్చినా, పొద్దున షెడ్డు తలుపు తీయగానే "ఎక్కడిదాక వచ్చినం?" అనే అడుగుతారు గాని "పానం ఎట్లున్నది?" అని ఎవరూ అడగరు.

ఈసారి చదువుతున్నది సముద్రం మీది నవల. ఎవరో ఇంగ్లీషాయన రాసిన పాత పుస్తకానికి తెలుగు. అందులో ఒక కెప్టెను, ఒక ముసలి ఓడ, ఆ ఓడ కింద అంతులేని నీళ్లు. షెడ్డులో సముద్రాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. కిందటేటి పుష్కరాలకు ధర్మపురి పోయి గోదావరిలో మునిగి వచ్చిన మొండయ్యే అక్కడ నీళ్ల విషయంలో పెద్ద. వయసులోనూ ఆయనే పెద్ద, కులంలో నలుగురూ వినేది ఆయన మాటే. "గంగ గట్లనే ఉంటది. కాకుంటే అవుతలి ఒడ్డు ఉండదు" అని ఆయన తేల్చి చెప్పాక సముద్రం గురించి ఎవరికీ అనుమానాలు మిగలలేదు.

చిక్కంతా తుఫానుతో మొదలైంది. నవలలో తుఫాను లేచిన రోజు షెడ్డులో మగ్గాలన్నీ దడదడలాడాయి. నేతగాళ్లు పళ్లు బిగబట్టి, ఓడను తామే ఒడ్డుకు లాగుతున్నట్టు పేకను గుద్ది గుద్ది నేశారు. ఆ తరువాత గాలి పడిపోయి ఓడ నడిసముద్రంలో కదలకుండా నిలిచిపోయింది. షెడ్డులో పేక నూలు మోసే నాడెలు కూడా ఏదో ఆలోచించుకుంటున్నట్టు నింపాదిగా అటూ ఇటూ పోయాయి. కరీంనగర్‌లో ఒక దవాఖానకు పంపిన తువ్వాలలు కొన్ని గోనెపట్టల్లాగా, కొన్ని దోమతెరల్లాగా ఉన్నాయని మొత్తం మూట వాపసు వచ్చింది. ఒకే నూలు, అవే చేతులు, బట్ట ఎందుకిలా వస్తున్నదని చేనేత శాఖ ఇన్‌స్పెక్టరు లింగమూర్తి నిలదీశాడు. కారణం బుచ్చిరాములుకు ఒక్కడికే తెలుసు. తెలిసినా పై అధికారితో చెప్పుకోగలిగిన కారణం కాదు.

ముందురోజు లింగమూర్తి చివరి మాటగా చెప్పి వెళ్లాడు. రెండు రోజుల్లో తువ్వాలలన్నీ తయారు కావాలి, లేకపోతే సంఘానికి నూలు బంద్. నూలు బంద్ అయితే షెడ్డుకు తాళం. తాళం పడితే బుచ్చిరాములు సంచి సర్దుకొని చొప్పదండిలో బాపు ముందు నిలబడాలి. బాపు కూడా నేతగాడే. కొడుకు మగ్గం విడిచి కుర్చీ మీద కూర్చునే కొలువుకు పోతానన్న రోజున ఆయన తిట్టలేదు, కొట్టలేదు, తల తిప్పుకొని నాడె అందుకున్నాడు. ఇప్పుడు ఆ కుర్చీ కూడా పోగొట్టుకొని ఆ గుమ్మం ఎక్కడమంటే బుచ్చిరాములుకు ప్రాణం పోయినట్టే.

అందుకే ఆయన రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. నవల మొదట్లో, ఇంతవరకు ఎవరూ ముట్టని పేజీల్లో, రచయిత జీవితం ఉంది. అటువంటి ముందుమాటలు చప్పగానే ఉంటాయని ఆయనకు గట్టి నమ్మకం. అందులో తుఫాను ఉండదు, గాలి పడిపోవడమూ ఉండదు. మగ్గాలు ఒకే తీరుగా ఆడతాయి.

"ఇయ్యాల కథ ముందుకు పోదు" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "రాసినాయన ముచ్చట చదువుత."

"ఎందుకన్నా? ఓడకు దీవి కనవడ్డది గద" అన్నాడు రాయమల్లు. రాయమల్లుది మంచి చెయ్యి. నోరు మాత్రం దేనికైనా అడ్డం తగలనిదే ఊరుకోదు.

"దీవి ఏడికీ పోదు. రేపు సుత ఆడనే ఉంటది. నువ్వు నెయ్యి."

బుచ్చిరాములు మొదలుపెట్టాడు. రచయిత పేరు సైలసు. "మన సైలు అసొంటి పేరే" అన్నాడు మొండయ్య మెచ్చుకోలుగా. పుట్టింది ఒక రేవు పట్టణంలో. తండ్రి తెరచాపల బట్ట నేసేవాడు.

"ఏం నేసేటోడు?" మొండయ్య నాడె ఆపాడు.

"తెరచాప. ఓడకు కడ్తరు. గాలి పట్టే బట్ట."

"మగ్గం మీదనేనా?"

"మగ్గం మీద గాక రోకలి మీద నేస్తరా పెద్దయ్యా" అన్నాడు బుచ్చిరాములు విసుగ్గా.

"అంటే మనోడే" అన్నాడు మొండయ్య. షెడ్డంతా ఒకసారి సర్దుకొని కూర్చుంది. ఇన్నాళ్లూ తమను సముద్రం మీద తిప్పినవాడు ఎక్కడివాడో అనుకున్నారు. తీరా చూస్తే సాలోళ్ల పిల్లగాడు. బుచ్చిరాములు కాదనలేదు. మగ్గాలు నిజంగానే ఒకే తీరుగా ఆడుతున్నాయి, తువ్వాలలు చక్కగా దిగుతున్నాయి. చాలా రోజుల తరువాత ఆయనకు మనసు నిమ్మళించింది. కళ్లు మూతలు పడుతుంటే, ముందు ఏమున్నదో చూసుకోకుండా, ఉన్నది ఉన్నట్టు చదువుకుంటూ పోయాడు.

సైలసు చిన్నతనంలోనే తండ్రికి చెప్పకుండా ఓడ ఎక్కాడు. ఏళ్ల తరబడి నీళ్ల మీద తిరిగాడు. కాలు విరిగి ఒడ్డున పడ్డాడు. అద్దె గదిలో ఒంటరిగా కూర్చొని ఈ నవల రాశాడు. పుస్తకాన్ని ఊరూరా చదివారు, రాసినవాడు ఎలా ఉన్నాడని ఎవరూ అడగలేదు. ఒక చలికాలం అదే గదిలో కన్నుమూశాడు. భార్యాబిడ్డలు లేరు. ఆ సమయానికి పక్కన ఎవరూ లేరు.

బుచ్చిరాములు పేజీ తిప్పాడు. తిప్పిన చప్పుడు పెద్దగా వినిపించింది. షెడ్డులో మరే చప్పుడూ లేదు. తల ఎత్తి చూస్తే మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి.

"పోయిండా?" అని అడిగాడు మొండయ్య.

"ఎవరు పెద్దయ్యా?"

"మన సైలు."

ఓదార్పుగా ఉంటుందనుకొని బుచ్చిరాములు నిజం చెప్పాడు. "ఇప్పుడు గాదు. ఎప్పుడో పోయిండు. నూరేండ్లు దాటింది."

"నూరేండ్ల సంది ఎవ్వరు పిట్టకు సుత పెట్టలేదా?"

నూలు కండెలు చుట్టే ఎల్లక్క రాట్నం మీంచి చెయ్యి తీసింది. ఆమె మొగుడు బొంబాయి మిల్లులో పనికి పోయి అక్కడే పోయాడు. వార్త వచ్చేసరికి అంతా అయిపోయింది. "పక్కన ఎవ్వరు లేకుంటనే పోయిండా తమ్మీ?" అని అడిగింది.

"పుస్తకంల గట్లనే రాసిండ్రక్కా" అన్నాడు బుచ్చిరాములు. ఎల్లక్క కొంగు తల మీదికి లాక్కుంది.

మొండయ్య మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. కులపోడి చావు ఎప్పుడు చెవిన పడితే అప్పుడే మైల అన్నాడు. తానం చేయాలి, పోయినవాడి పేరున కాకికి ముద్ద పెట్టాలి, ఆ పిట్ట ముట్టాలి. అప్పటిదాకా మగ్గం ముట్టరాదు.

"పెద్దయ్యా, ఆయన క్రైస్తవుడు."

"అయితేంది. ఆళ్ల నాయిన మగ్గం ఏ మతమో గది చెప్పు."

"ఆయనను ఎప్పుడో బొంద పెట్టి ఉంటరు."

"మా మేనత్తను సుత బొందనే పెట్టినం. ఆమెకు పిట్టకు పెట్టలేదా?"

"రేపటికి తువ్వాలలు ఇయ్యకుంటే నూలు బంద్ అయితది. షెడ్డు పోతది."

"గందుకే జల్ది తానం చేద్దాం పా" అన్నాడు మొండయ్య, అదే అసలైన దారి అన్నట్టు. వార్త ఆయన నోటనే వచ్చింది కాబట్టి మొదటి చెంబు ఆయనే పోసుకోవాలన్నారు. పుష్యమాసం, షెడ్డు వెనక బావి నీళ్లు. ఆయన వణుకుతూ, ఈ సైలసు ఎవరో, వాడి కోసం తానెందుకు తడుస్తున్నాడో అర్థంకాక, రెండో చెంబు కూడా పోసుకున్నాడు.

తడి తలలతో అందరూ షెడ్డు ముందు చేరాక ఇంకో సమస్య వచ్చింది. పోయినవాడికి ఏమిష్టమో అది వండి పెట్టాలి. ఎల్లక్క బుచ్చిరాములునే అడిగింది. ఓడల మీద ఎండిపోయిన రొట్టె, ఉప్పేసిన మాంసం తింటారని పుస్తకంలో ఉంది. మాంసం దొరకదు గనక, ఉప్పు ఉప్పే కదా అని ఎవరింట్లోనో ఉన్న ఎండుచేపలు తెచ్చి పులుసు పెట్టారు. ఓడవాళ్లు సారా తాగుతారన్న సంగతి బుచ్చిరాములు దాచుకున్నాడు గాని, అది కిందటి వారమే తుఫాను రోజు చదివేశాడు. రాయమల్లుకు బాగా జ్ఞాపకం ఉంది. కల్లు కూడా వచ్చింది.

"కొడుకు లేకపాయె గద. మరి గుండు ఎవరు చేయించుకోవాలె?" అన్నాడు రాయమల్లు.

అందరూ బుచ్చిరాములు తల వైపు చూశారు.

"ఇన్ని దినాల సంది ఆయన మాట నీ నోట్లకెళ్లే వచ్చింది గదన్నా" అన్నాడు రాయమల్లు. "కొడుకంటే గదేనాయె."

"మా బాపు బతికున్నడు. చొప్పదండిల మగ్గం మీద కూసున్నడు. నేను గుండుతోటి పోయి ఆయన ముంగట నిలవడ్తే బాగుంటదా?"

మొండయ్య గడ్డం గోక్కున్నాడు. "తండ్రి ఉండంగ గుండు ఉండదు. గది నిజమే. మరి మీసం?"

"మీసం సుత వద్దు పెద్దయ్యా."

మీసం దక్కింది. ఆ రోజు అప్పటివరకు బుచ్చిరాములుకు దక్కినది అదొక్కటే.

మోదుగాకు విస్తరిలో అన్నం, ఎండుచేపల పులుసు పెట్టి, పక్కన ముంతలో కల్లు పెట్టి, ప్రహరీ గోడ మీద ఉంచారు. కాకి వచ్చింది. షెడ్డు పెంకుల మీద వాలింది. విస్తరి వైపు చూసింది, మనుషుల వైపు చూసింది, మళ్లీ పెంకుల మీదే కూర్చుంది.

"మనసుల ఏదో ఉన్నది" అన్నాడు మొండయ్య.

పోయినవాడి మనసులో కోరిక ఏదన్నా మిగిలిపోతే పిట్ట ముట్టదు. అదేమిటో పోల్చుకొని, తీరుస్తామని మాట ఇవ్వాలి. రాయమల్లు ముందుకొచ్చి, కథ సగంలో ఉన్నది, తప్పకుండా చివరిదాకా వింటామని చెప్పాడు. కాకి మెడ తిప్పుకుంది. ఎల్లక్క వచ్చి, ఏడాదికోసారి తానే వండి పెడతానని, ఇక ఒంటరిగా ఉన్నాననుకోవద్దని చెప్పింది. ఆమె సైలసుతో ఒక్కడితోనే మాట్లాడటం లేదని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. కాకి ఒక పెంకు మీంచి ఇంకో పెంకు మీదికి జరిగింది గాని కిందికి దిగలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. లోపల సగం నేసిన తువ్వాలలు మగ్గాల మీద అలాగే ఉన్నాయి.

సరిగ్గా ఆ సమయానికే కరీంనగర్ బస్సు దిగి లింగమూర్తి వచ్చాడు. రేపు రావలసినవాడు, రేపు ఇంకో పని పడిందని ఈరోజే వచ్చాడు. సన్నటి మనిషి, కడుపులో ఎప్పుడూ మంట, దుమ్ములో బస్సు ప్రయాణం. ఆగిపోయిన మగ్గాలను చూశాడు, తడి తలలను చూశాడు.

"ఏంది బుచ్చిరాములూ, హర్తాళా?"

"కాదు సార్. ఒక సావైంది."

లింగమూర్తి ముఖం మారింది. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. "ఎవరు పోయిండ్రు?"

బుచ్చిరాములు నోరు తెరిచేలోపల మొండయ్య అందుకున్నాడు. "మా కులపోడే సారు. ఆళ్ల నాయిన మస్తు నేతగాడు. పిల్లగాడు మగ్గం ఇడిచిపెట్టి దేశాలు తిరిగిండు. కాలిరిగి ఒక్కడే ఒక అర్రల పడి ఉన్నడు. పోతుంటే నోట్ల నీళ్లు పోసేటోడు లేకపాయె."

"అయ్యో" అన్నాడు లింగమూర్తి. ఆయనకూ ఉన్న ఊళ్లో ఎవరూ లేరు. "మరి శవాన్ని తెచ్చిండ్రా?"

"ఏడికెళ్లి తెస్తం సారు. సముద్రం అవుతల ఉన్నది."

"ఇక్కడికెళ్లి ఎవరన్న పోయిండ్రా?"

"ఎవ్వరు పోలే. నూరేండ్లాయె గద."

లింగమూర్తి చెప్పులు తొడుక్కొని బుచ్చిరాములును పక్కకు పిలిచాడు. బుచ్చిరాములు మొదటినుంచీ చెప్పాడు. చెబుతుంటే తనకే నమ్మబుద్ధి కాలేదు.

"చూడు" అన్నాడు లింగమూర్తి. కేకలు వేసే ఓపిక ఆయనకు కూడా లేదు. "సాయంత్రం బస్సుకు నేను పోవాలె. అప్పటికల్ల తువ్వాలలు నా చేతికి రావాలె. రాకపోతే ఈ షెడ్డుల పని నడుస్తలేదని చెప్పుడు తప్ప నేను చేసేది ఏం లేదు."

అని అరుగు మీద కూలబడి కడుపు పట్టుకున్నాడు. బుచ్చిరాములు గోడ దగ్గరికి నడిచాడు. అందరూ దారి ఇచ్చారు. ఆయనకు కాకి మీద కోపం వచ్చింది, సైలసు మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ కోపంలోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అయ్యా సైలసూ, నువ్వు ఎవరో నాకు ఎర్క లేదు. నీ పుస్తకం చదివి చదివి నా గొంతు పోయింది. నీ కోసం చల్లటి నీళ్లు పోసుకున్న. ఇంక నీకేం కావాలె? మీ బాపు మగ్గం మీద ఉంటే చెప్పకుంట పోయినవు. దేశాలన్ని తిరిగినవు, గంత పెద్ద పుస్తకం రాసినవు, అండ్ల మీ బాపు ముచ్చట ఒక్కటి రాయకపోతివి. రాయకుంటే యాది లేనట్టా? యాది ఉన్నందుకే రాయలేదేమో." చొప్పదండిలో తల తిప్పుకొని నాడె అందుకున్న మనిషి కళ్లముందు కదిలాడు. ఆ ఇంటికి పోక ఎన్ని పండుగలయ్యాయో లెక్క కూడా పెట్టలేదు. కళ్లు తుడుచుకొని అన్నాడు. "మీ బాపు నేసిన తీరుగ ఇయ్యాల గీళ్లు నేస్తరు. ఓడను తోలే బట్ట ఎట్ల ఉంటదో గట్లనే నేస్తరు. నాది పూచి. ఇగ తిను. తిని మమ్ములను పనికి పోనియ్యి."

కాకి దిగింది. అన్నంలో ముక్కు పెట్టి, ఒక చేపముక్క పట్టుకొని ఎగిరిపోయింది.

ఎల్లక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. మొండయ్య బుచ్చిరాములు భుజం మీద చెయ్యి వేసి, "మంచిగ చెప్పినవు బిడ్డా" అన్నాడు. ఆ పేటకు వచ్చిన తరువాత బుచ్చిరాములును ఎవరూ ఆ మాట అనలేదు. ఇంత తిప్పలకు ఈ ఒక్క మాట వచ్చింది చాలనిపించింది. అందరూ ఎండుచేపల పులుసుతో తలా నాలుగు ముద్దలు తిని మగ్గాలెక్కారు. లింగమూర్తికి కూడా పెట్టారు. కారానికి ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి, అయినా మారు అడిగాడు.

మధ్యాహ్నం మగ్గాలు ఆడిన తీరు బుచ్చిరాములు ఎన్నడూ చూడలేదు. పుస్తకం లేదు, చదవడం లేదు, మాటలు లేవు. ఒక్కొక్క పేక పోగునూ పిడిగుద్దులు గుద్ది కూర్చుతున్నారు. పనితనానికి మురిసిపోతూ ఆయన కుర్చీలో ఒక కునుకు తీశాడు. నాలుగు మాటలు చెప్పి కాకిని దించాను, బతికి బయటపడ్డాను అనుకున్నాడు గాని, ఆ మాటలను వీళ్లు ఉత్త మాటలుగా తీసుకోలేదన్న సంగతి ఆయనకు తోచనే లేదు.

బస్సు వేళకు తువ్వాలలు మూట కట్టి లింగమూర్తి ముందు పెట్టారు. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఆయన ఒకటి తీసి చూసి తల ఆడించాడు. బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కొని, అదే తువ్వాలతో తుడుచుకున్నాడు. నీళ్లు ముఖం మీదే ఉన్నాయి. మళ్లీ తుడిచాడు. నీళ్లు కుడి చెంప మీంచి ఎడమ చెంప మీదికి పోయాయి. లింగమూర్తి తువ్వాలను రెండు చేతులతో పట్టి లాగాడు. చింపుదామని పంటితో పట్టాడు. చివరికి నాలుగు కొసలూ పట్టుకొని, అందులో ఒక చెంబెడు నీళ్లు పోయించాడు. ఒక్క చుక్క కిందికి దిగలేదు.

"ఇట్ల నెయ్యమని ఎవరన్నరు?"

"మా బుచ్చిరాములే సారు" అన్నాడు మొండయ్య గర్వంగా. "ఓడ బట్ట నేస్తమని పిట్టకు పూచి పడ్డడు. పిట్ట ముట్టినంక మాట తప్పుతమా?"

బుచ్చిరాములుకు చొప్పదండి బస్సు కళ్లముందు కనిపించింది. సంచిలో ఏమేం సర్దుకోవాలో కూడా మనసులో అనుకున్నాడు. తిడితే తిట్టనీ, తొందరగా తిడితే పోయి పడుకోవచ్చు అనిపించింది.

లింగమూర్తి తిట్టలేదు. నీళ్లు పారబోసి, తువ్వాలను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"నేను కిందటి వారం బెల్లంపల్లి పోయిన" అన్నాడు నెమ్మదిగా. "బొగ్గుబాయిలల్ల, కింద, గాలిని మళ్లించుటానికి అడ్డంగ పరదాలు కడ్తరు. కట్టినయి కట్టినట్టే పిగిలిపోతున్నయట. గాలి ఆపే బట్ట నేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా అని ఆడున్న సాబు నన్ను పట్టుకున్నడు. ఎవ్వరు లేరని చెప్పి వచ్చిన." మూట వైపు చూశాడు. "వీటిని తువ్వాలలని మాత్రం ఎవ్వరికీ చెప్పకుండ్రి. దవాఖానకు నేను గడువు అడుగుత. ఇవి నమూనాకని నేనే తీసుకపోత. బాయిలకు ఎంత బట్టయినా కావాలె. మీరు నేసుడే ఆలస్యం. నూలు ఎట్ల ఆగుతదో నేను చూస్త."

మూట తానే భుజాన వేసుకొని బస్సు ఎక్కాడు. ఎక్కుతూ, ఆ ఎండుచేపల పులుసు ఎవరు పెట్టారని అడిగాడు. బుచ్చిరాములు షెడ్డు మెట్ల మీద కూర్చున్నాడు. ఆదివారం చొప్పదండి పోవాలనుకున్నాడు, తాళం పడ్డ షెడ్డును వదిలి కాదు, ఊరికే బాపును చూడటానికి.

మరునాడు ఆయన నవల చేతికి తీసుకోగానే మొండయ్య వారించాడు. దినాలు వెళ్లేదాకా సైలు పుస్తకం ముట్టరాదన్నాడు. బుచ్చిరాములు లోలోపల ఎగిరి గంతేశాడు, పైకి విచారంగా తల ఊపాడు. అంతలో రాయమల్లు బీరువా తలుపు తీసి ఇంకో పుస్తకం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. కొండల్లో దారి తప్పిన ఒక వర్తకుడి కథ, చాలా లావుపాటిది. రాసినాయన ముసలివాడుగా ఉన్న బొమ్మ కూడా ముందు పేజీలో ఉంది.

మొండయ్య నాడె చేతిలో పట్టుకొని ఆగాడు. "గీయన ఉన్నడా?"

బుచ్చిరాములు ముందు పేజీ వైపు చూశాడు. పుట్టిన ఏడు, పోయిన ఏడు రెండూ స్పష్టంగా ఉన్నాయి. బావి నీళ్లు జ్ఞాపకం వచ్చాయి.

"ఉన్నడు పెద్దయ్యా" అన్నాడు. "మంచిగ ఉన్నడు. నలుగురు కొడుకులు."

మగ్గాలు కదిలాయి. ఆ తరువాత ఆ షెడ్డులో బుచ్చిరాములు ఎన్నో పుస్తకాలు చదివాడు గాని, వాటిని రాసినవాళ్లలో ఒక్కరూ చనిపోలేదు.